పీఆర్‌లో పదకొండేళ్ళు. మా నాన్న ఇంకా "ఏదో కంపెనీలో" అనే చెబుతాడు

నల్లకుంట_నాని
శుక్రవారం, రాత్రి 11:20

ఇక్కడ చదవడమే తప్ప రాసింది తక్కువ. ఈ రోజు మాత్రం కడుపులో ఉన్నది కక్కేయాలనిపిస్తోంది.

హైదరాబాద్‌లో ఒక పీఆర్ (పబ్లిక్ రిలేషన్స్, అంటే పౌర సంబంధాలు) ఏజెన్సీలో పని చేస్తాను. పదకొండేళ్ళయింది. మొన్న ఆదివారం మా చెల్లిని చూసుకోవడానికి పెళ్ళివారు వచ్చారు. మాటల్లో "అబ్బాయి ఏం చేస్తాడండీ?" అని నా గురించి అడిగారు. మా నాన్న రిటైరైన లెక్కల మాస్టారు. ఎవరికీ అర మార్కు ఊరికే వేసిన మనిషి కాదు. "ఏదో కంపెనీలో చేస్తున్నాడండీ" అనేసి, ఆ వెంటనే "కాఫీలో చక్కెర సరిపోయిందా?" అని మాట మార్చేశాడు.

వాళ్ళు వెళ్ళాక ఉండబట్టలేక అడిగాను. "పేపర్లో పడేది నువ్వు రాస్తావు, కింద నీ పేరుండదు. పేరున్నవాడు రాయడు. డబ్బు ఇంకెవడో ఇస్తాడు. నాకే సరిగ్గా అర్థం కాని ఉద్యోగం వాళ్ళకేం చెప్పమంటావురా?" అన్నాడు.

నేనేం దొంగతనం చేయడం లేదు. కంపెనీ ఏం చేస్తోందో పేపరు వాళ్ళకి అర్థమయ్యేలా చెబుతాను. వాళ్ళు అడిగిన వివరాలు కంపెనీ నుంచి రాబడతాను. హంతకుడి తరఫున వాదించినా లాయర్‌ని "లాయర్ గారు" అంటారు. మమ్మల్ని మాత్రం బ్రోకర్లంటారు. ఎందుకు? ఫీల్డ్‌లో ఉన్నవాళ్ళు, బయటివాళ్ళు, ఎవరైనా సరే మొహమాటం లేకుండా చెప్పండి.


లాస్ట్_బెంచ్
శుక్రవారం, రాత్రి 11:34

మీ నాన్నగారిని "మావాడికి పీఆర్ వచ్చింది" అని మాత్రం చెప్పమనండి. కెనడా అనుకుని అక్కడికక్కడే తాంబూలాలు పుచ్చుకుంటారు.


ఫిల్మ్‌నగర్_బస్టాప్
శనివారం, రాత్రి 12:10

బ్రో, నువ్వు కార్పొరేట్, కాస్త నయం. నేను సినిమా పీఆర్ఓ దగ్గర అసిస్టెంట్‌ని. "బ్లాక్‌బస్టర్ టాక్" పోస్టర్ రిలీజ్‌కి రెండు రోజుల ముందే డిజైన్ అయిపోయి ఫోన్లో ఉంటుంది. మార్నింగ్ షో ఇంటర్వెల్ పడగానే వదలాలి. ఫ్లాప్ అయితే వేరే పోస్టర్ ఉంటుందనుకుంటున్నావా? అదే పోస్టర్.

మా ఇంట్లో మాత్రం నేనేం చేస్తానో ఊరందరికీ చెబుతారు. టికెట్లు దొరుకుతాయి కదా. పరువు సంగతి ఇంతవరకు ఎవరూ అడగలేదు.


పాతపేపరు
శనివారం, ఉదయం 6:05

నాని బాబూ, నేను ముప్పై రెండేళ్ళు పత్రికల్లో చేశాను. మొదట్లో రిపోర్టింగ్, తర్వాతంతా డెస్క్. మీ వృత్తికి చెడ్డపేరు మీరొక్కరే తెచ్చుకున్నది కాదు. తిలా పాపం తలా పిడికెడు, అందులో మా పిడికిలి పెద్దదే.

తొంభైల్లో ఒక హోటల్లో ప్రెస్‌మీట్. తలుపు దగ్గర బల్ల, బల్ల మీద రిజిస్టర్. పేరు, పత్రిక పేరు రాసి సంతకం పెడితే ఒక ఫైలు ఇచ్చేవారు. అందులో ప్రెస్‌నోట్, ఒక పెన్ను, వాటి వెనక తెల్ల కవరు. కవరు మీద ఏమీ రాసి ఉండదు. ఎంతుందో లిఫ్టులో చూసుకునేవాళ్ళు కొందరు, బాత్‌రూమ్‌లో చూసుకునేవాళ్ళు కొందరు. ఒకసారి మా కొత్త కుర్రాడొకడు కవరు తీసి బల్ల మీద పెట్టి మెట్లు దిగిపోతుంటే, ఆ పీఆర్ఓ వెనకాలే పరిగెత్తుకొచ్చాడు. "సార్, తీసుకోండి సార్, లెక్క తేలదు సార్!" అని దాదాపు ఏడుపు. కవరు మిగిలితే పైవాళ్ళు "ఇచ్చానని చెప్పి నువ్వే నొక్కేశావా" అంటారట. లంచం ఇచ్చేవాడి నిజాయతీ ఆ కవరు తిరిగి రాకపోవడం మీద ఆధారపడి ఉందన్నమాట. ఆ కుర్రాడు తీసుకోలేదు. ఆ పీఆర్ఓ మొహం మాత్రం నాకిప్పటికీ గుర్తుంది.

కవరు రిపోర్టర్ జేబులోకి వెళ్ళినన్నాళ్ళూ అది తప్పని ఇచ్చేవాడికీ తెలుసు, తీసుకునేవాడికీ తెలుసు. తర్వాత కొన్ని యాజమాన్యాలు "మధ్యలో వీడికెందుకు, మాకే ఇవ్వండి" అన్నాయి. 2009 ఎన్నికల్లో అది ప్యాకేజీ అయింది. అభ్యర్థి డబ్బు కడతాడు, ఆయన పాదయాత్రకి జనం పోటెత్తినట్టు వార్త పడుతుంది. అడ్వర్టైజ్‌మెంట్ అని ఎక్కడా ఉండదు. దీని మీద ప్రెస్ కౌన్సిల్ ఇద్దరితో ఉపసంఘం వేసింది. పరంజయ్ గుహా ఠాకుర్తా, మన కె. శ్రీనివాస్ రెడ్డి. 2010లో వాళ్ళు పత్రికల పేర్లతో సహా నివేదిక ఇస్తే, కౌన్సిల్ పూర్తి నివేదికను పక్కన పెట్టి పలచటి కాపీ బయట పెట్టింది. అసలుది జనానికి అందడానికి 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఉత్తర్వు కావాల్సి వచ్చింది. పేర్లు బయటపడటమంటే మా వాళ్ళకీ అంత భయం.

మీ నాన్నగారు అన్న మాట మళ్ళీ చదువు. నువ్వు అడిగిన ప్రశ్నకి జవాబు అందులోనే ఉన్నట్టుంది.


అట్లాంటా_అక్క
శనివారం, ఉదయం 7:48

పాతపేపరు గారి ఆఖరి మాట పట్టుకుంటాను. నేను ఇక్కడ ఒక కాలేజీలో ఈ సబ్జెక్టే చెబుతాను. మీ నాన్నగారి మాట ఈ వృత్తి పుట్టినప్పటి నుంచీ ఉన్నదే.

ఐవీ లీ అని ఒకాయన. 1906లో పత్రికలకి ఒక ప్రకటన పంపాడు. మాది రహస్యంగా నడిచే ప్రచార సంస్థ కాదు, మా పనంతా బాహాటంగానే చేస్తాం, వివరాలు కావాలంటే అడగండి, ఇస్తాం అని దాని సారాంశం. మా క్లాసులో మొదటి పాఠం అదే. రెండో పాఠం ఎనిమిదేళ్ళ తర్వాతది. 1914 ఏప్రిల్ 20న కొలరాడోలోని లూడ్లో దగ్గర, సమ్మెలో ఉన్న బొగ్గుగని కార్మికుల గుడారాల మీద మిలీషియా కాల్పులు జరిపింది. గుడారాలు తగలబడ్డాయి. ఒక గుడారం కింద తవ్వుకున్న గోతిలో దాక్కున్న ఇద్దరు ఆడవాళ్ళు, పదకొండు మంది పిల్లలు అక్కడే చనిపోయారు. ఆ గని కంపెనీలో పెద్ద వాటా రాక్‌ఫెల్లర్లది. వాళ్ళు లీని పెట్టుకున్నారు.

ఆయన కరపత్రాలు తయారుచేసి దేశమంతా పంపించాడు. వాటి మీద గని యాజమాన్యాల పేరుంది, లీ పేరు లేదు. యూనియన్ నాయకుడి ఏడాది సంపాదనని తొమ్మిది వారాల సంపాదనగా చూపించారు. నువ్వు సరిచూశావా అని విచారణ కమిషన్ అడిగితే, కంపెనీ వాళ్ళు ఇచ్చిందే వేశానని ఒప్పుకున్నాడు. అప్టన్ సింక్లెయిర్ ఆయనకి "పాయిజన్ ఐవీ" అని పేరు పెట్టాడు. అదొక మొక్క, మన దురదగొండి లాంటిది. వందేళ్ళు దాటినా ఆ పేరు పోలేదు.

ఇక ఎడ్వర్డ్ బెర్నేస్. ఫ్రాయిడ్‌కి మేనల్లుడు. సిగరెట్ కంపెనీ ఆయన క్లయింటు. ఆడవాళ్ళు వీధిలో సిగరెట్ తాగితే తప్పుగా చూసే రోజులు. 1929 ఈస్టర్ నాడు న్యూయార్క్ ఊరేగింపులో కొందరు అమ్మాయిలు సిగరెట్లు వెలిగించారు, ఇవి స్వేచ్ఛా కాగడాలు అన్నారు. పత్రికలు ఫొటోలతో వేశాయి. ముందు వెలిగించినవాళ్ళలో ఒకామె బెర్నేస్ సెక్రటరీ అనీ, వెనక సిగరెట్ కంపెనీ ఉందనీ చదివినవాళ్ళకి తెలియదు. తెలిస్తే అది వార్తే కాదు, అడ్వర్టైజ్‌మెంటు.

నాని, ఆ రోజు అక్కడ ఎవరూ అబద్ధం చెప్పలేదు చూడు. ఆడవాళ్ళకి హక్కులు కావాలన్నది నిజమే. సిగరెట్లు వెలిగించిందీ నిజమే.


లాస్ట్_బెంచ్
శనివారం, ఉదయం 9:15

అక్కా, క్లాసు బాగుంది, అటెండెన్స్ వేసేయండి.

నా అనుమానం వేరు. ఇదంతా పీఆర్ వాళ్ళ గొప్పతనమా, మన అమాయకత్వమా? సత్యం కంప్యూటర్స్ సంగతి గుర్తుందిగా. 2008 సెప్టెంబర్‌లో కార్పొరేట్ గవర్నెన్స్‌కి గోల్డెన్ పీకాక్ అవార్డు. 2009 జనవరి 7న కంపెనీ చైర్మన్ రామలింగరాజు ఉత్తరం, లెక్కల్లో చూపించిన డబ్బు లేదు, ఇది పులి మీద స్వారీ, దిగితే తినేస్తుంది అని. మధ్యలో నాలుగు నెలలు. ఆ అవార్డు వార్త వేసినవాళ్ళలో ఒక్కడైనా బ్యాంకుకి ఫోన్ చేసి డబ్బుందా అని అడిగాడా?


నల్లకుంట_నాని
శనివారం, ఉదయం 10:30

అక్కా, మీరు చెప్పినవి మా ట్రైనింగ్‌లో కూడా చెప్పారు. కానీ 1982 షికాగో కూడా చెప్పారు. టైలినాల్ అనే నొప్పి మందు క్యాప్సూల్స్‌లో ఎవడో సైనైడ్ కలిపితే ఏడుగురు చనిపోయారు. జాన్సన్ అండ్ జాన్సన్ దేశమంతటి నుంచీ 3.1 కోట్ల సీసాలు వెనక్కి తెప్పించింది. ముందు మా ఫ్యాక్టరీలో సైనైడే లేదన్నారు. తర్వాత ల్యాబ్ పరీక్షలకు కొంచెం వాడతారని తెలిసి, అదీ ఒప్పుకున్నారు. అది కూడా పీఆరే. చెడ్డవి నాలుగు చూపించి వృత్తి మొత్తాన్ని కట్టగట్టి అవతల పారేస్తే ఎలా?

లాయర్ సంగతికి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు.


పాతపేపరు
శనివారం, ఉదయం 11:02

చెబుతాను. లాయర్ కోర్టులో నోరు విప్పే ముందు వకాల్తా దాఖలు చేస్తాడు. ఎవరి తరఫున మాట్లాడుతున్నాడో జడ్జికి తెలుసు, అవతలి లాయర్‌కి తెలుసు, బయట టీ కొట్టువాడికి కూడా తెలుసు. పైగా అవతల ఇంకో లాయర్ ఉంటాడు, ఈయన చెప్పిన ప్రతి ముక్కనీ తూర్పారబట్టడానికి. నువ్వు ఏ వకాల్తా దాఖలు చేశావు? పేపర్ చదివే మనిషి నీ మాటని విలేకరి మాట అనుకుని చదువుతున్నాడు. అవతలి లాయర్ కుర్చీ ఖాళీ.


సముద్రతీరం
శనివారం, మధ్యాహ్నం 1:40

నమస్కారం. సమాచార పౌర సంబంధాల శాఖలో డీపీఆర్ఓగా, అంటే జిల్లా పౌర సంబంధాల అధికారిగా చేసి రిటైరయ్యాను. ఉత్తరాంధ్రలో ఎక్కువ కాలం. పౌర సంబంధాలు అనగానే అందరూ కవర్లు, సిగరెట్లు అంటుంటే బాధ కలిగి రాస్తున్నాను.

2014 అక్టోబర్ 12, హుద్‌హుద్. కరెంటు లేదు, ఫోన్లు లేవు, టీవీ లేదు. అంతకు ముందు రెండు రోజులు మేం చేసింది ఒకటే పని. ఆటోకి మైకు కట్టుకుని తీరం వెంబడి ఊళ్ళు తిరగడం. ముందు "తీవ్ర తుపాను హెచ్చరిక" అని పెద్ద భాషలో రాసుకెళ్ళాం. ఒక ఊళ్ళో ముసలి మత్స్యకారుడు వచ్చి "బాబూ, హెచ్చరిక సంగతి సరే, వలలు ఎక్కడ పెట్టాలో చెప్పు" అన్నాడు. అప్పుడు మార్చుకున్నాం. వలలు ఇక్కడ, పడవలు ఇక్కడ, పశువులను విప్పేయండి, రేషన్ కార్డు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి, బడిలో అన్నం వండుతున్నారు. జనం కదిలారు. తుపాను వెళ్ళాక చేత్తో రాసిన కాగితాలు పంచాయతీ గోడల మీద అంటించాం, ఏ రోడ్డు తెగింది, పాల ప్యాకెట్ల బండి ఎన్నింటికి వస్తుంది అని. నా జీవితంలో నేను చేసిన మంచి పని అదే అనుకుంటాను.

మళ్ళీ ఆ నెలలోనే "ప్రభుత్వ సహాయక చర్యలపై ప్రజల హర్షం" అని ప్రెస్‌నోట్ కూడా నేనే రాశాను. హర్షం వ్యక్తం చేసిన ప్రజలు ఎవరని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. రెండూ ఒకే పెన్నుతో రాసినవే.


జోబర్గ్_శీను
శనివారం, సాయంత్రం 4:25

సౌతాఫ్రికా నుంచి. బెల్ పాటింగర్ కథ ఇక్కడ ఎవరూ ఎత్తకపోతే ఎలా?

లండన్‌లో పెద్ద పీఆర్ కంపెనీ. ఇక్కడ గుప్తా సోదరులని, యూపీ నుంచి వచ్చి అప్పటి అధ్యక్షుడు జుమా ప్రభుత్వంలో చక్రం తిప్పినవాళ్ళు. వాళ్ళ ఓక్‌బే కంపెనీకి 2016 నుంచి బెల్ పాటింగర్ పని చేసింది, నెలకు లక్ష పౌండ్లు. గుప్తాల మీద ఆరోపణలు ముదురుతుంటే జనం కోపాన్ని ఇంకో వైపు తిప్పాలి కదా. "అసలు దొంగలు తెల్లవాళ్ళ గుత్త పెట్టుబడిదారులు" అన్న ప్రచారం ఊపందుకుంది. దొంగ ట్విట్టర్ ఖాతాలు, ఎవరివో తెలియని వెబ్‌సైట్లు. అపార్తీడ్ గాయం మానని దేశంలో జాతి మంట పెట్టి చలి కాచుకున్నారు. మాలాంటి ఇండియన్లకి ఆఫీసులో అదో నస, గుప్తాలు మీవాళ్ళేగా అని.

బయటపడ్డాక ఇక్కడి ప్రతిపక్షం లండన్‌లో పీఆర్ కంపెనీల సంఘానికి ఫిర్యాదు చేసింది. 2017 సెప్టెంబర్ 4న సంఘం వాళ్ళని బహిష్కరించింది. క్లయింట్లు ఒక్కొక్కరే జారుకున్నారు. 12వ తేదీకల్లా కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్ళిపోయింది. ఊళ్ళో వాళ్ళ పరువు కాపాడే కంపెనీ తన పరువు ఎనిమిది రోజులు కాపాడుకోలేకపోయింది.


లాస్ట్_బెంచ్
శనివారం, సాయంత్రం 4:51

మన దగ్గర అలాంటి సంఘం ఉందా, వెలేయడానికి?


సముద్రతీరం
శనివారం, సాయంత్రం 6:15

ఉంది. పబ్లిక్ రిలేషన్స్ సొసైటీ ఆఫ్ ఇండియా, 1958 నుంచి. 1968 ఏప్రిల్ 21న ఢిల్లీలో మొదటి జాతీయ మహాసభలో నీతి నియమావళి కూడా స్వీకరించారు. అందుకే ఏటా ఆ రోజున పీఆర్ దినోత్సవం. నేనూ కొన్నింటికి వెళ్ళాను. శాలువాలు, జ్ఞాపికలు, భోజనం బాగుంటుంది.

అయితే లాయర్ తప్పు చేస్తే బార్ కౌన్సిల్ సన్నదు లాగేసుకోగలదు. డాక్టర్‌కి మెడికల్ కౌన్సిల్ ఉంది. పీఆర్ చేయడానికి అసలు లైసెన్సే అక్కర్లేదు, ఇక లాగేసుకునేదేముంది? సంఘంలో చేరనివాడికి ఆ నియమావళి గోడ మీద క్యాలెండర్‌తో సమానం.


వేపచెట్టు
శనివారం, రాత్రి 9:40

మీ ఐవీ లీ నాకు తెలియదు. నాకు తెలిసిన పీఆర్ ఒక్క వాక్యం.

మూడేళ్ళ క్రితం మా మామగారు ఒక పెద్ద ఆస్పత్రిలో చిన్న ఆపరేషన్‌కి చేరి పోయారు. రాత్రి రెండున్నరకి ఆయాసం వస్తోందని నర్సుని పిలిచాం. డాక్టర్ నాలుగు దాటాక వచ్చాడు. మేం గొడవ చేస్తే లోకల్ చానెల్ వాళ్ళు వచ్చారు. సాయంత్రానికల్లా ఆస్పత్రి నుంచి ప్రకటన. "వైద్యులు శాయశక్తులా కృషి చేసినప్పటికీ రోగి చికిత్సకు స్పందించలేదు."

మా ఆయన అది చదివి "అంటే తప్పు నాన్నదేనా?" అన్నారు. అంతే, ఇంకేం మాట్లాడలేదు.

నేను తెలుగు టీచర్‌ని. పిల్లలకి కర్త, కర్మ, క్రియ చెబుతాను. ఆ వాక్యంలో స్పందించనిది ఎవరు? రోగి. రెండున్నర నుంచి నాలుగు దాకా స్పందించనివాళ్ళు ఎవరు? వాళ్ళు వాక్యంలోనే లేరు. నాని గారూ, ఇలాంటివి మీరు రాశారా? రాస్తే ఎలా రాస్తారో చెప్పండి. తిట్టను. తెలుసుకోవాలని ఉంది, అంతే.


నల్లకుంట_నాని
ఆదివారం, రాత్రి 1:15

రాశానండి. మీ మామగారిది కాదు. వేరే ఊరు, వేరే ఆస్పత్రి, ఒక చిన్న పాప.

ఎలా రాస్తారో అడిగారు కాబట్టి చెబుతాను. రాత్రి ఎనిమిదికి నేను పంపిన మొదటి డ్రాఫ్ట్‌లో "పాప కుటుంబానికి క్షమాపణ చెబుతున్నాం. నర్సింగ్ సిబ్బంది వైపు నుంచి ఆలస్యం జరిగింది. ఏం జరిగిందో ఏడు రోజుల్లో చెబుతాం" అని ఉంది. లీగల్ వాళ్ళు "క్షమాపణ" కొట్టేసి "తీవ్ర విచారం" పెట్టారు. క్షమాపణ అంటే తప్పు ఒప్పుకున్నట్టు, రేపు కన్జ్యూమర్ కోర్టులో అదే కాగితం చూపిస్తారు అన్నారు. రెండోసారి తిరిగొచ్చినప్పుడు "నర్సింగ్ సిబ్బంది" పోయి "కొంత ఆలస్యం" మిగిలింది. మూడోసారికి "ఆలస్యం జరిగిందన్న ఆరోపణలు" అయింది. నాలుగోసారికి "ఏడు రోజుల్లో" పోయింది, దాంతోపాటు ఆ వాక్యం కూడా పోయింది. ఖాళీ అయిన చోట ఏదో ఒకటి పెట్టాలి. పాత ఫైల్ తెరిచి "శాయశక్తులా" కాపీ చేసి అతికించాను. రాత్రి పదకొండున్నరకి "పర్ఫెక్ట్" అని బొటనవేలు గుర్తుతో మెసేజ్ వచ్చింది.

నేను అబద్ధం రాయలేదని నాకు నేను చెప్పుకున్నాను. ఒక్కో పదం తీసేశాను, అంతే.

ఇంకో సంగతి. శుక్రవారం రాత్రి ఇక్కడ రాయడానికి కారణం పెళ్ళిచూపులు ఒక్కటే కాదు. ఆఫీసులో కొత్త పని వచ్చింది. ఒక ఫ్యాక్టరీ విస్తరణకి ప్రజాభిప్రాయ సేకరణ ఉంది. ఆలోపు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి "మాకు ఫ్యాక్టరీ కావాలి" అని ఉత్తరాలు వెళ్ళాలట. ఉత్తరాలు మేమే రాస్తాం, సంతకాలు ఇంకొకరు పెట్టిస్తారు. ఒక యువజన సంఘం పేరు కూడా అనుకున్నారు, సంఘం ఇంకా పుట్టలేదు. సోమవారం నేను డ్రాఫ్ట్ ఇవ్వాలి. టెన్షన్‌తో రెండు రోజులుగా నిద్ర లేదు.


ఫిల్మ్‌నగర్_బస్టాప్
ఆదివారం, రాత్రి 1:40

బ్రో, ఈఎంఐలు ఉన్నాయా? ఉంటే రాసేయ్. నువ్వు కాకపోతే ఇంకొకడు రాస్తాడు. ఆ ఊళ్ళో కూడా ఉద్యోగాలు కావాలనేవాళ్ళు ఉండే ఉంటారు కదా.


పాతపేపరు
ఆదివారం, ఉదయం 6:20

ఉండొచ్చు. ఉంటే వాళ్ళ చేతే రాయించమను, తప్పులతో సహా.

ఈ "ఇంకొకడు రాస్తాడు" అన్న మాట మా డెస్క్‌లో ముప్పై ఏళ్ళు విన్నాను. ఆ ఇంకొకడు ఎప్పుడూ మన పక్క కుర్చీలోనే ఉంటాడు. వాడూ మనల్ని చూసి అదే అనుకుంటుంటాడు.


సముద్రతీరం
ఆదివారం, ఉదయం 8:05

ఆ హియరింగ్‌లు చాలా చూశాను. కాలుష్య నియంత్రణ మండలి పెడుతుంది, కలెక్టర్ గానీ ఆయన పంపిన అధికారి గానీ కూర్చుంటారు. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో నోటీసు పడాలి. రాతపూర్వకంగా వచ్చినవి రికార్డులోకి వెళ్తాయి. అందుకే ఆ ఉత్తరాలకి అంత గిరాకీ.

రాయించిన ఉత్తరం కవరు చింపగానే తెలిసిపోతుంది. నలభై ఉత్తరాలు, నలభైలోనూ ఒకే చోట కామా. ఒకసారి అన్నింట్లోనూ "ఉపాధి అవకాశాలు మెండుగా లభించగలవు" అని ఉంది. మా ఊళ్ళవైపు "మెండుగా" అన్న మనిషిని నేను చూడలేదు. అయినా అవన్నీ ఫైల్లో చేరాయి. బయట ఎండలో నిలబడి "మా బోరులో నీళ్ళు ఎర్రగా వస్తున్నాయి" అని అరుస్తున్న ఆవిడ దగ్గర మాత్రం కాగితం లేదు. మైకు ఆవిడదాకా వెళ్ళేసరికి భోజనాల వేళయింది.


అట్లాంటా_అక్క
ఆదివారం, ఉదయం 8:50

ఇరాక్ కువైట్‌ని ఆక్రమించిన రోజులు. 1990 అక్టోబర్ 10న వాషింగ్టన్‌లో చట్టసభ సభ్యుల ముందు జరిగిన ఒక సభలో పదిహేనేళ్ళ అమ్మాయి ఏడుస్తూ, కువైట్ ఆస్పత్రిలో ఇరాక్ సైనికులు పసిపిల్లల్ని ఇంక్యుబేటర్ల నుంచి తీసి నేల మీద పడేశారని చెప్పింది. పేరు నయీరా అన్నారు, ఇంటిపేరు చెప్పలేదు. బుష్ దగ్గర నుంచి సెనేటర్ల దాకా యుద్ధం కావాలన్నవాళ్ళు ఆ కథ చెప్పారు. యుద్ధం అయిపోయాక, 1992 జనవరిలో తెలిసింది ఆ అమ్మాయి అమెరికాలో కువైట్ రాయబారి కూతురని. ఆ సభ వెనక ఉన్నది హిల్ అండ్ నోల్టన్ అనే పీఆర్ కంపెనీ, డబ్బు కువైట్ ప్రభుత్వానిది. తర్వాత ఆస్పత్రికి వెళ్ళి విచారించినవాళ్ళకి ఆ కథకి ఆధారం దొరకలేదు.

ఆ రోజు ఆ అమ్మాయి ఇంటిపేరు ఒక్కటి చెప్పి ఉంటే, విన్నవాళ్ళు ఇంకో రెండు ప్రశ్నలు వేసేవాళ్ళు. నాని, నీ యువజన సంఘం కూడా అదే. కంపెనీ లెటర్‌హెడ్ మీద, కంపెనీ పేరుతో, ఫ్యాక్టరీ వల్ల లాభాలివి అని ఎంత గట్టిగానైనా రాయి. నేను తప్పు పట్టను. అది నీ వకాల్తా.


వేపచెట్టు
ఆదివారం, ఉదయం 10:12

నాని గారూ, తిట్టనన్నాను, తిట్టను. మీరు రాత్రి రాసింది మా ఆయనకి చదివి వినిపించాను. "ఆ మొదటి డ్రాఫ్ట్ మాకు ఎవరైనా పంపి ఉంటే కేసు కూడా వేసేవాళ్ళం కాదు" అన్నారు. మీ లీగల్ వాళ్ళకి చెప్పండి కుదిరితే.


మోడరేటర్
ఆదివారం, మధ్యాహ్నం 12:00

ఒక ఆస్పత్రి పేరు, ఒక సినిమా సంస్థ పేరు ఊహించి రాసిన మూడు పోస్టులు తీసేశాం. విషయం మీద మాట్లాడండి, ఎవరి ఏజెన్సీ ఏదని ఆరా తీయకండి.


నల్లకుంట_నాని
బుధవారం, రాత్రి 10:55

అందరికీ థాంక్స్. మూడు రోజులు ఇటు రాలేకపోయాను.

సోమవారం మా మేనేజర్‌తో మాట్లాడాను. ఉత్తరాలు నేను రాయను, కంపెనీ పేరుతో నాలుగు పేజీల ప్రకటన కావాలంటే రాస్తాను, బూడిద ఎక్కడ పోస్తారో, నీళ్ళు ఎక్కడ నుంచి తీసుకుంటారో కూడా అందులో పెడదాం అన్నాను. ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది. "నీ ఇష్టం నానీ, నీకు కంఫర్ట్ లేకపోతే వద్దు" అని నవ్వి, పని ఇంకొకరికి ఇచ్చేశాడు. ప్రకటన సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఉద్యోగం ఉంది. ఎన్నాళ్ళుంటుందో చూడాలి.

మా నాన్నకి చెప్పాను. మొత్తం విని, "రాయలేదు సరే, ఇప్పుడు అవి ఎవరు రాస్తున్నారు?" అన్నాడు. లెక్కల మాస్టారు కదా, ఆన్సర్ కరెక్టైనా స్టెప్స్ అడుగుతాడు.

రాస్తున్నది మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు. ఇరవై మూడేళ్ళు. నన్ను చూసే ఈ ఫీల్డ్‌లోకి వచ్చానంటుంటాడు. నిన్న రాత్రి ఫోన్ చేశాడు. "అన్నా, చిన్న డౌట్. ఉత్తరంలో గ్రామస్తులం అని పెట్టాలా, గ్రామ ప్రజలం అని పెట్టాలా? ఏది న్యాచురల్‌గా ఉంటుంది?"


వేపచెట్టు
బుధవారం, రాత్రి 11:08

ఏం చెప్పారు?


నల్లకుంట_నాని
బుధవారం, రాత్రి 11:31

సిగ్నల్ లేదు, సరిగ్గా వినపడటం లేదని చెప్పి పెట్టేశానండి.